రెండేళ్లు దాటిపోయాయి, ఇక లాభం లేదా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా బాబుకి రెండేళ్ల నాలుగు నెలలు. వాడు కడుపులో ఉన్నప్పటి నుంచి మేం మెయిన్ రోడ్డు మీదే, రెండో అంతస్తులో ఉంటున్నాం. పొద్దస్తమానం లారీలు, బస్సులు. కిటికీ ఊచ మీద వేలు పెడితే నల్లటి మసి అంటుకుంటుంది. బాబుకి ఇప్పటికి నాలుగుసార్లు పిల్లికూతలు వచ్చాయి, రెండుసార్లు నెబులైజర్ పెట్టించాం. మొదటి రెండేళ్లలో పీల్చిన గాలి ఊపిరితిత్తుల మీద జీవితాంతం ముద్ర వేస్తుందని ఈమధ్య ఫోన్‌లో చదివాను. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. ఆ రెండేళ్లూ అయిపోయాయి కదా, ఇక ఏం చేసినా లాభం లేదా? అత్తగారేమో పిల్లలకి అలవాటైపోతుంది, అనవసరంగా టెన్షన్ పడకు అంటారు. ప్యూరిఫయర్ కొంటే సరిపోతుందని మావారి మాట. ఆయన సిగరెట్ కాలుస్తారు గానీ బాల్కనీలోనే. ఇల్లు మారదామంటే ఆయనకి ఆఫీసు దూరమవుతుంది. భయమేసి బాబుని పార్కుకి తీసుకెళ్లడం కూడా మానేశాను. మంచి పని చేశానా?

జవాబు: అమ్మా, మీరు అడిగినవాటిలో ఆఖరి ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ మీ నిద్ర పాడుచేస్తున్నది మొదటి ప్రశ్న. ముందు దాని సంగతి చూద్దాం.

చిక్కంతా ‘ముద్ర’ అన్న మాటలో ఉంది. ఆ మాట వినగానే కాల్చిన ఇనుముతో వేసిన వాత గుర్తొస్తుంది, ఒకసారి పడితే ఇక పోదనిపిస్తుంది. కలుషితమైన గాలి పీల్చే పిల్లల్లో డాక్టర్లకు ఎక్కువగా కనిపించేది ఊపిరితిత్తుల ఎదుగుదల మందగించడం. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. వాత మానదు. ఎదుగుదల మందగిస్తే, ఎదిగే వయసు ఇంకా ఎంత మిగిలిందో చూసుకోవాలి. మీవాడికి దాదాపు ఇరవయ్యేళ్లు మిగిలి ఉంది.

ఊపిరితిత్తుల చివర చిన్నచిన్న గాలి తిత్తులుంటాయి. గాలిలోని ఆక్సిజన్ రక్తంలోకి వెళ్లేది వాటి గోడల్లోంచే. పుట్టేనాటికి బిడ్డకు ఇవి కొద్ది కోట్లే ఉంటాయి. పెద్దయ్యేసరికి 30 కోట్లు దాటతాయి, సగటున 48 కోట్లని ఒక లెక్క కూడా ఉంది. అంటే చాలా భాగం పుట్టాక తయారయ్యేదే. మొదటి రెండు మూడేళ్లలో ఆ పని జోరుగా సాగుతుంది. మీరు చదివినదాంట్లో నిజం ఇంతవరకే. రెండు మూడేళ్లకే అంతా ముగిసిపోతుందని, కాదు ఎనిమిదేళ్లకని నా చదువు రోజుల్లో పుస్తకాల్లో రాసేవాళ్లు. 2012లో ఇంగ్లండులోని లెస్టర్ పరిశోధకులు 7 నుంచి 21 ఏళ్ల వాళ్ల చేత హీలియం వాయువు పీల్పించి, ఎమ్మారై తీసి, ఈ తిత్తుల సైజు కొలిచారు. కొత్తవి పుట్టకుండా ఉన్నవే సాగుతూ పోతే వయసుతోపాటు ఒక్కో తిత్తీ బాగా పెద్దదవ్వాలి. అలా జరగలేదు, సైజు పెద్దగా మారనే లేదు. ఛాతీ మాత్రం పెరుగుతోంది. కాబట్టి టీనేజీలో కూడా కొత్త తిత్తులు పుడుతున్నాయన్నమాట. రెండో పుట్టినరోజుకి మూసుకుపోయే తలుపేమీ లేదమ్మా ఇక్కడ.

గాలి మారితే ఎదుగుదల నిజంగా మారుతుందా అంటే, మారుతుంది. దీన్ని చాలా ఓపిగ్గా చూసింది అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా వాళ్లు. 1990ల మొదట్లో పన్నెండు ఊళ్లలో బడిపిల్లల్ని ఎంచుకుని ఏటేటా వాళ్ల ఊపిరి బలం, అంటే గట్టిగా ఊదితే ఎంత గాలి వస్తుందో, కొలుస్తూ పోయారు. గాలి బాగా పాడైన ఊళ్లలో, 18 ఏళ్లకి ఊపిరి బలం ఉండాల్సినదానికంటే బాగా తక్కువున్న పిల్లలు దాదాపు 8 శాతం. శుభ్రమైన గాలి ఉన్న ఊళ్లలో 2 శాతం కూడా లేరు. నాకు ఇంతకన్నా ఆసక్తి కలిగించింది వేరే విషయం. చదువు మధ్యలో ఊరు మారిపోయిన పిల్లలు కొందరుంటారు కదా. అలాంటివాళ్లని 110 మందిని వెతికి పట్టుకుని మళ్లీ పరీక్ష చేశారు. మంచి గాలి ఉన్నచోటికి వెళ్లిన పిల్లల్లో ఎదుగుదల వేగం పుంజుకుంది. మరింత పాడుగాలిలోకి వెళ్లినవాళ్లలో తగ్గింది.

తర్వాత మరో సంగతి జరిగింది. వాహనాల మీద, ఇంధనం మీద గట్టి నియమాలు తేవడంతో అక్కడ గాలే బాగుపడుతూ వచ్చింది. ఎవరూ ఇల్లు మారక్కర్లేకపోయింది. 1994-98, 1997-2001, 2007-11 మధ్య పెరిగిన మూడు తరాల పిల్లల్ని పోల్చి 2015లో లెక్క చెప్పారు. 15 ఏళ్లకి ఊపిరి బలం బాగా తక్కువున్న పిల్లలు మొదటి తరంలో 7.9 శాతం, రెండో తరంలో 6.3, మూడో తరంలో 3.6. స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో 1994-96 మధ్య పుట్టిన పిల్లల్ని 24 ఏళ్లు వచ్చేదాకా గమనించిన డాక్టర్లూ ఇలాంటిదే చూశారు. ఇంటి చుట్టుపక్కల గాలి ఎంత మెరుగైతే ఎదుగుదల అంత బాగుంది. ఆ ఊరి గాలి మొదటి నుంచీ మరీ చెడ్డదేం కాదు, అయినా తేడా తెలిసింది.

అలాగని మొదటి రెండేళ్లకు లెక్కలేదని నేను చెబితే అబద్ధమవుతుంది. ఆ స్టాక్‌హోమ్ పిల్లల్లోనే, మొదటి ఏడాది ట్రాఫిక్ పొగ ఎక్కువగా పీల్చినవాళ్లకి 16 ఏళ్లప్పుడు కూడా ఊపిరి బలం కాస్త తక్కువగా కనిపించింది. ‘కాస్త’ అన్నది గమనించండి. సగటున చూస్తే అది పిల్లవాడు పరుగెత్తినా, మెట్లెక్కినా తెలిసేంత లోటు కాదు. మరి డాక్టర్లు ఎందుకంతగా పట్టించుకుంటారంటే, మన ఊపిరి బలం ఇరవై, పాతికేళ్ల మధ్య శిఖరానికి చేరి, అక్కడి నుంచి ఏటా కొంచెం దిగడం మొదలవుతుంది. దిగడం ఎవరికైనా తప్పదు. తక్కువ ఎత్తు నుంచి దిగేవాళ్లు అరవైల్లోకి వచ్చేసరికి ఆయాసం గీతను ముందే తాకుతారు. గాలి దారులు ఇరుకై ఆయాసం తెచ్చే, పెద్ద వయసులో వచ్చే సీఓపీడీ జబ్బు పొగతాగి ఊపిరి కరిగించుకున్నవాళ్లకే వస్తుందని అనుకునేవాళ్లం. దాదాపు సగం మందిలో కథ వేరని 2015లో తేలింది. వాళ్లు దిగడం అందరిలాగే దిగారు, ఎక్కడమే పూర్తిగా ఎక్కలేదు. మీవాడు ఇంకా ఎక్కుతున్నాడు.

కడుపులో ఉన్నప్పటి సంగతి కూడా మీరు రాశారు. తల్లి పీల్చిన మసి రేణువులు మాయలో (ప్లాసెంటాలో), అదీ బిడ్డ వైపు, ఉండటాన్ని బెల్జియం శాస్త్రవేత్తలు 2019లో చూపించారు. ఇది నేను చెప్పకపోయినా ఇవాళో రేపో మీ ఫోన్ చెబుతుంది, అందుకే చెప్పేస్తున్నాను. ఆ గాలిని మీరు ఎంచుకోలేదమ్మా. 15 ఏళ్ల లోపు పిల్లల్లో 93 శాతం మంది తాము పెట్టిన హద్దును మించిన గాలే పీలుస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లెక్క చెప్పింది. 2021లో ఆ హద్దును ఇంకా సగానికి దించి, అతి సన్నని ధూళి ఏడాది సగటున ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు మించకూడదంది. ప్రపంచం మొత్తం మీద పడిన భారాన్ని మీ ఒక్కరి తప్పుగా మోయకండి.

మీ అత్తగారి మాటకొద్దాం. పెద్దావిడ చూసి చెప్పిన మాటే అది, పూర్తిగా కొట్టిపారేయలేం. పెద్దవాళ్ల చేత వరసగా కొన్ని రోజులు, పాడుగాలిలో ఉండే ఓజోన్ వాయువు పీల్పించి చూసిన ప్రయోగాలున్నాయి. మూడు నాలుగు రోజులు గడిచేసరికి దగ్గు, ఛాతీలో మంట తగ్గిపోయాయి. శ్వాసనాళాల లోపల చూస్తే మాత్రం కణాలు దెబ్బతింటున్న గుర్తులు కొన్ని అలాగే ఉన్నాయి. అలవాటు పడింది గొంతు, లోపలి పొర కాదు. పైగా మీవాడు పెద్దల్లా నిమిషానికి పదిహేనుసార్లు ఊపిరి తీయడు, పాతిక ముప్ఫైసార్లు తీస్తాడు. ఒంటి బరువుతో పోలిస్తే మనకంటే ఎక్కువ గాలి, దాంతోపాటు ఎక్కువ మసి లోపలికి వెళుతుంది. గాలి వెళ్లే దారి వాడికి సన్నం కూడా. గొట్టం వెడల్పు సగమైతే అందులోంచి గాలి లాగడానికి పడే కష్టం పదహారు రెట్లవుతుంది. అందుకే మనకి ముక్కు దిబ్బడతో పోయే జలుబు వాడికి పిల్లికూతలై కూర్చుంటుంది. ఇదంతా అత్తగారితో వాదన పెట్టుకోవడానికి చెప్పలేదు. ఆవిడకి అర్థమైతే రేపు మీ వైపు నిలబడి మాట్లాడే మనిషి ఆవిడే కావచ్చు, ముఖ్యంగా కింది విషయంలో.

మీ ఉత్తరంలో ఒక సంగతి సగం వాక్యంలో వచ్చి వెళ్లిపోయింది. ‘ఆయన సిగరెట్ కాలుస్తారు గానీ బాల్కనీలోనే.’ లారీల గురించి అంత రాసి దీన్ని ఇంత చిన్నగా రాశారంటే, ఇంట్లో ఈ మాట ఎత్తడం మీకెంత కష్టంగా ఉందో ఊహించగలను. నా దగ్గరికొచ్చే చాలా ఇళ్లలో ఇంతే. ఆయన బాల్కనీలోకి వెళుతున్నారంటే బాబు మీద శ్రద్ధ ఉండబట్టే, అది ఒప్పుకోవాలి. కానీ పొగకి గుమ్మం తెలియదు. తలుపు సందుల్లోంచి కొంత లోపలికొస్తుంది. కాల్చి వచ్చిన మనిషి ఊపిరిలో కాసేపు ఉంటుంది. చొక్కాకి, జుట్టుకి, వేళ్లకి అంటుకున్నది సోఫాకి, పరుపుకి, ఆఖరికి నేల మీద పాకి ఆ చేయి నోట్లో పెట్టుకునే పిల్లవాడికి చేరుతుంది. బయటే కాలుస్తామనే తల్లిదండ్రుల పిల్లల్ని పరీక్షిస్తే, ఎవరూ కాల్చని ఇళ్ల పిల్లల కంటే వాళ్ల ఒంట్లో నికోటిన్ ఆనవాళ్లు ఎక్కువగానే కనిపించాయి. లారీని మీరు ఆపలేరు. ఆ బాల్కనీ మాత్రం మీ చేతిలో ఉంది. ఈ ఉత్తరానికి నేనిచ్చే సలహాల్లో ఒక్కటే పాటిస్తానంటే, ఇది పాటించండి. ఆయన్ని తిట్టొద్దు, ఈ పేరా చదివించండి. మానడం కష్టమే. మానడానికి మందులు, ప్యాచ్‌లు ఉన్నాయి, డాక్టరుని అడిగితే ఇస్తారు. మానేదాకా కనీసం ఇంటికి దూరంగా కాల్చి, వచ్చాక చొక్కా మార్చి, చేతులు కడుక్కున్నాకే బాబుని ఎత్తుకోమనండి.

అదే వరసలో ఇంట్లో వెలిగించేవన్నీ చూసుకోండి. దోమల కాయిల్ వాడుతుంటే ఇవాళే ఆపేసి దోమతెర కట్టండి. ఒక్క కాయిల్ కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని ఓ పరిశోధనలో లెక్కగట్టారు. నేనైతే మొదట నమ్మలేదు. సువాసన కోసం కాల్చేవీ పొగే, వాసన బాగుంటుందంతే. వంట చేసేటప్పుడు బయటికి గాలి తోసే ఫ్యాన్ వేసి, బాబుని చంకనెత్తుకుని పొయ్యి దగ్గర నిలబడకుండా ఉంటే చాలు. గ్యాస్ మంటలోంచి కూడా శ్వాసనాళాల్ని రేపే నైట్రోజన్ డయాక్సైడ్ వాయువు వస్తుంది.

ప్యూరిఫయర్ కొనొచ్చు. సన్నని ధూళిని పట్టే హెపా ఫిల్టర్ ఉన్నది తీసుకోండి. గది కొలతకి సరిపోయే సామర్థ్యం ఉందా అని పెట్టె మీద చూసుకోండి. ఓజోన్ వదిలే మోడళ్ల జోలికి వెళ్లకండి, అవి ఊపిరితిత్తులకు కొత్త తంటా తెస్తాయి. దాన్ని హాల్లో అలంకారంగా పెట్టకుండా బాబు పడుకునే గదిలో పెట్టి తలుపు వేస్తే ఫలితం ఉంటుంది. వాడు రోజులో సగం అక్కడే ఉంటాడు కదా. ఫిల్టర్ మార్చాల్సిన టైముకి మార్చాలి. అది ధూళిని పడుతుందే గానీ వాయువుల్ని పెద్దగా ఆపలేదు. బాల్కనీ సిగరెట్‌కి పరిహారంగా ప్యూరిఫయర్ కొనే ఆలోచన ఉంటే మాత్రం, ఆ డబ్బు ఇల్లు మారే ఖర్చుకి దాచుకోండి.

ఇల్లు మారడం గురించి. ఊరు వదలాల్సిన పనిలేదు, ఆయన ఆఫీసుకి దూరమూ కానక్కర్లేదు. లారీల పొగలోని మసి, అతి చిన్న కణాలు రోడ్డు అంచున దట్టంగా ఉండి, రెండు మూడు వందల మీటర్లు లోపలికి వెళ్లేసరికి బాగా పలచబడతాయి. ఊరంతా పరుచుకునే సన్నని ధూళి అంత తగ్గదు, అది నిజమే, కానీ లారీల మసి అయినా చాలావరకు తప్పుతుంది. అద్దె ఒప్పందం అయిపోయేటప్పుడు ఇదే ప్రాంతంలో నాలుగు వీధులు లోపలికి ఇల్లు చూడండి. సిగ్నల్ దగ్గర, బస్టాపు ఎదురుగా వద్దు. బండ్లు ఆగి మళ్లీ కదిలే చోటే పొగ ఎక్కువ. ఈలోగా బాబు రోడ్డు వైపు గదిలో పడుకుంటుంటే వెనక గదికి మార్చండి. ఖర్చులేని పని, ఈ రాత్రికే అయిపోతుంది. కిటికీలు ట్రాఫిక్ పలచగా ఉన్నప్పుడు తెరవండి. పొద్దున్నే గాలి స్వచ్ఛంగా ఉంటుందన్న నమ్మకం చలికాలంలో పనికిరాదు. చల్లటి గాలి నేల దగ్గర పేరుకుంటే, దాని పైన వెచ్చటి గాలి మూతలా నిలిచి పొగని కిందే ఉంచేస్తుంది, ఎండెక్కాక గానీ పైకి లేవదు. ఆ రోజుల్లో మధ్యాహ్నమే మేలు.

ఇక పిల్లికూతలు. ఈ వయసులో వీటికి ఎక్కువసార్లు కారణం వైరస్ జలుబులే. పాడుగాలి వాటికి ఆజ్యం పోస్తుంది. పూర్వం దీన్నే పాల ఉబ్బసం అనేవాళ్లు, పెరిగితే పోతుందనేవాళ్లు. ఆ మాటలో చాలా నిజముంది. అమెరికాలోని టూసాన్‌లో 1980లో మొదలైన అధ్యయనంలో, మూడేళ్లలోపు పిల్లికూతలు వచ్చిన పిల్లల్లో దాదాపు 60 శాతం మందికి ఆరేళ్లకి ఆగిపోయాయి. మిగతావాళ్లలో మీవాడు ఉంటాడా అన్నది మీకు, ఆయనకి ఆస్తమా, ఎలర్జీ ఉన్నాయా, జలుబు లేనప్పుడు కూడా వాడికి కూతలు వస్తున్నాయా అన్నదాన్ని బట్టి మీ పిల్లల డాక్టరు అంచనా వేస్తారు. నాలుగుసార్లు వచ్చాయంటే ఆ మాట ఒకసారి కూర్చుని మాట్లాడాల్సిందే, ఎమర్జెన్సీకి పరుగెత్తినప్పుడు కాదు. ఇన్‌హేలర్ రాస్తే భయపడకండి. మాస్కు ఉన్న స్పేసర్‌తో, అంటే ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టంతో, ఇస్తే మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకే వెళుతుంది, దానికి బానిసలవడం అంటూ ఉండదు. ఊది చూసే స్పైరోమెట్రీ పరీక్ష అయిదారేళ్లు వస్తే గానీ సరిగ్గా కుదరదు కాబట్టి ఇప్పుడు దానికోసం తిరగకండి. టీకాలు ఏవైనా మిగిలిపోయాయేమో చూడండి, ఏటా వేసే ఫ్లూ టీకాతో సహా. బాబు నిమిషానికి 40 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పెదవులు నీలిరంగుకి తిరిగినా, తాగలేకపోతున్నా రేపటిదాకా ఆగకండి. ఊపిరి లెక్క పడుకుని ప్రశాంతంగా ఉన్నప్పుడు, పూర్తి నిమిషం చూసి పెట్టాలి. ఏడుస్తున్నప్పుడు లెక్కపెట్టి హడలిపోయి వచ్చే అమ్మలు నాకు వారానికి ఒకరైనా తగులుతారు.

ఎంత కాలంలో మార్పు తెలుస్తుందని మీరు అడగలేదు గానీ అడుగుతారు. ఎదుగుదల పుంజుకోవడం ఏళ్ల మీద జరిగే పని. దగ్గులు, కూతలు మాత్రం అంత ఆలస్యం చేయవు. అమెరికాలోని యూటా లోయలో 1986లో ఒక ఉక్కు కర్మాగారం పదమూడు నెలలు మూతపడింది. కార్మికుల గొడవ వల్ల, గాలి కోసమేం కాదు. ఆర్డెన్ పోప్ అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడు తర్వాత ఆసుపత్రి లెక్కలు తీసి చూస్తే, ఫ్యాక్టరీ నడిచిన చలికాలాల్లో ఊపిరి జబ్బులతో చేరిన పిల్లలు, మూతపడిన చలికాలంలో కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. ఒక్క చలికాలానికే అంత తేడా.

పార్కు మానేయడం మంచి పని కాదమ్మా. మీ ఇంట్లో గాలి కూడా ఆ రోడ్డు గాలే, నాలుగు గోడల మధ్య ఉన్నంత మాత్రాన మారదు. గంతులేసే వయసులో ఆడుకోకపోతే జరిగే నష్టం వేరే. చెట్లున్న పార్కు, రోడ్డుకి ఎంత లోపలికుంటే అంత మంచిది. వెళ్లేటప్పుడు చిన్న వీధుల్లోంచి వెళ్లండి, పెద్ద రోడ్డు దాటేటప్పుడు వాణ్ని ఎత్తుకోండి. బండ్ల పొగగొట్టాలు మనకంటే వాడి ముఖానికే దగ్గర్లో ఉంటాయి. ఆఫీసులు వదిలే గంట తప్పించండి. గాలి నాణ్యత సూచీ మరీ ఎరుపులో ఉన్న రోజు ఇంట్లోనే ఆడించండి, మిగతా రోజుల్లో ఆపొద్దు. ఎన్95 మాస్కు తగిలిద్దామనుకోకండి, ఈ వయసు ముఖానికి అది సరిగ్గా అతకదు. ఆడి వచ్చాక ముఖం, చేతులు కడగండి. డాక్టరు ఇన్‌హేలర్ రాసి ఉంటే అది, స్పేసర్‌తో పాటు, నీళ్ల సీసా పక్కనే సంచిలో పెట్టుకోండి.